నాన్న నొక్కాల్సిన ఫారం

నాన్నా,

బస్సు డిపోలో పెట్టి ఇంటికి రాగానే ముందు నీ ఫోన్ చూడు. నా కాలేజీ దరఖాస్తుకి నీ అంగీకారం అడుగుతూ ఆరంకెల నంబరు వస్తుంది. ఫారం కంప్యూటర్‌లో తెరిచే ఉంచాను. అందులో ఆ నంబరు కొట్టి, "అంగీకరిస్తున్నాను" అన్నచోట నొక్కు. గడువు సాయంత్రం ఐదింటికే. నా పరీక్ష ఐదున్నరదాకా ఉంది.

నొక్కేముందు కాలేజీల వరుస చూడు. పైన రాసినదాంట్లో సీటొస్తే ఇక కిందవి అడగడానికి ఉండదట. నిన్న టీచరమ్మ చెప్పేదాకా నాకూ తెలీదు. అందుకే హాస్టల్లో ఉండి చదవాల్సిన దూరపు కాలేజీని మొదట పెట్టాను. ఇంటి దగ్గరది రెండోది.

రాత్రి అడిగితే "నీ ఇష్టం" అన్నావు కానీ, తలెత్తకుండా బూట్లు తుడుచుకుంటూ అన్నావు. అది ఒప్పుకోవడమో కోపమో నాకు తెలియలేదు. మనింట్లో కాలేజీ గడప తొక్కినవాళ్ళు లేరు. తప్పు చేస్తున్నానేమో, అడుగుదామంటే ఎవరున్నారు?

భోజనం మూతపెట్టాను. వేడి చేసుకుని తిను.

చిన్ని

ఇంకోమాట. వరుస నువ్వు మార్చినా నేనేమీ అనుకోను.
అబద్ధం. అనుకుంటాను. మార్చకు నాన్నా.