గులాబీ వెనక చేతులు

చెల్లాయికి,

ప్రేమతో అని మొదలుపెడదామని మూడు కాగితాలు చింపాను. ఆ మాట రావడం లేదు. కాబట్టి ఈసారికి ఉట్టి చెల్లాయివే.

పుస్తకాల అట్టల మీద నువ్వు పత్రికలో రాసే ‘ముఖం చూసి’ శీర్షికని ఈ వారం మా ఆఫీసులో ప్రూఫులు దిద్దే పెద్దాయన బల్ల గుద్ది మరీ పైకి చదివాడు. “‘తాళం తీసే మనిషి’ నవల అట్ట మీది తెడ్డంత తాళంచెవితో తాళం తియ్యరు, పడవ నడుపుతారు. వెనకున్న సూర్యుడు ఉదయిస్తున్నాడో అస్తమిస్తున్నాడో ఆయనకే తెలియక మధ్యలో ఆగిపోయాడు. ఆ అమ్మాయి మెడ తిరిగిన తీరు చూస్తే ఆమెకి కావలసింది కథానాయకుడు కాదు, ఎముకల డాక్టరు.” అందరూ పడీ పడీ నవ్వారు. నేనూ నవ్వాను. ఆ బొమ్మ వేసింది నేనేనని అక్కడ అందరికీ తెలుసు, ఇంకేం చెయ్యను?

నీకు తెలియదులే. మా పబ్లిషరు బొమ్మ వేసినవాడి పేరు అచ్చువెయ్యడు. ‘ఆఫీసు పనులు చూస్తున్నాను’ అని ఇంట్లో చెప్పుకుంటూ వచ్చాను. ఈ ఏడాది నువ్వు చీల్చి చెండాడిన అట్టలు పదకొండు. అందులో ఏడు నావి.

అవి ఎలా పుడతాయో తెలుసా నీకు? మా దగ్గర అట్ట ముందు అచ్చవుతుంది, పుస్తకం తర్వాత. పై అంతస్తులో కూర్చునే పబ్లిషరు నుంచి ఫోనొస్తుంది. “పేరు ఇది. ఆడమనిషి ఉండాలి, సూర్యుడు తప్పనిసరి. సాయంత్రానికి కావాలి.” రాతప్రతి నా కళ్ళబడదు, అడిగితే “చదివి నువ్వేం చేస్తావయ్యా?” అంటాడు. ఒక్క పూట నా కుర్చీలో కూర్చుని చూడు, నీ వెటకారం ఎక్కడికి పోతుందో!

సోమవారం నుంచి ప్యాకింగ్ గది చూసుకుంటానని చెప్పేశాను. ఇక బొమ్మలు వెయ్యను. అట్టపెట్టెల మీద నువ్వు జోకులు వెయ్యలేవు కదా.

నీ పుణ్యాన నవ్వులపాలైన
అన్నయ్య

---

అన్నయ్యా,

నాకు తెలుసు. మొదటి అట్ట నుంచీ తెలుసు.

నువ్వు తొందరలో ఉంటే మనుషుల చేతులు దేని వెనకో దాచేస్తావు. చిన్నప్పుడు నా బొమ్మ వేస్తూ ఆటకి ఆలస్యమవుతోందని నా చేతుల మీద పిల్లిని కూర్చోబెట్టావు. ఇప్పుడు ఒక అట్టలో శాలువా, ఇంకోదాంట్లో కుండ, ఈ తాళంచెవి అట్టలో గులాబీ. చేతకాకపోతే జాలిపడేదాన్ని. కుట్టుమిషను మీద అమ్మ చేతులు నువ్వు వేసిన బొమ్మ నా బీరువాలో ఉంది. అవి చూశాక ఈ గులాబీని చూస్తే నాకు ఒళ్ళు మండింది.

తెలిసే రాశాను. మెత్తగా చెబితే పదేళ్ళుగా నీది ఒకటే మాట, “నీకేం తెలుసే, ఊరుకో.” కోపమొస్తేనన్నా కదులుతావనుకున్నాను. నలుగురిలో నవ్వించడం మాత్రం తప్పే, క్షమించు.

ఒక్కటడుగుతాను. ఆ నవల అచ్చయ్యాకైనా చదివావా? చదువు. అప్పుడు ప్యాకింగ్ గదికి పోతావో ఇంకెక్కడికి పోతావో నీ ఇష్టం.

నీ మీద కోపం తగ్గని
చెల్లాయి

---

చెల్లాయ్,

చదివాను. గోదాములో పుస్తకాల కట్టల మీద కూర్చుని ఒక్క బిగిన చదివాను.

తాళాలు బాగుచేసే భర్త పోతే, ఆయన పనిముట్లు అందుకున్న మనిషి కథ అది. చూపు మందగిస్తున్నకొద్దీ ఆమె వేలికొసలతో తాళం లోపలి తప్పు పట్టుకుంటుంది. రెండువందల పేజీల్లో ఎక్కడ తెరిచినా చేతులే. వాటిని నేను గులాబీ వెనక పెట్టాను. నీ మీద పెట్టుకున్న కోపమంతా ఎవరి మీద పడాలో అప్పుడు తెలిసింది. సిగ్గేసింది.

రచయిత్రి ఇల్లు వెతుక్కుంటూ వెళ్ళాను. ఇంటి ముందు గదే తాళాల దుకాణం. ఆమె బల్ల దగ్గర కూర్చుని, తనకిచ్చిన పాతిక ప్రతులకీ గోధుమరంగు కాగితం తొడుగుతోంది. దాని మీద పేరు పెన్నుతో రాస్తోంది.

“ఇలాగే ఇస్తున్నానండీ అందరికీ,” అంది. “ఆ బొమ్మతో ఇవ్వడానికి మొహం చెల్లలేదు.”

“ఆ బొమ్మ నేనే వేశానమ్మా.”

ఆమె కత్తెర కింద పెట్టింది. “నేను తొమ్మిదేళ్ళు రాశాను. మీరెంతసేపు వేశారు?”

“ఒక పూట.”

ఆమె మళ్ళీ కాగితం మడతపెట్టుకుంటూ కూర్చుంది.

సోమవారం ప్యాకింగ్ గదికి కాదు, పై అంతస్తుకి వెళ్ళాను. పబ్లిషరు మంచి హుషారుగా ఉన్నాడు. “మీ చెల్లెలి దెబ్బకి ఆ పుస్తకం ఎగబడి అడుగుతున్నారయ్యా! నవ్వుకోవడానికి కొంటున్నారు. రెండో ముద్రణ వేస్తున్నాం, అదే అట్ట ఉంచుదాం.” ఉంచడానికి వీల్లేదన్నాను. ఉంచితే, అది చదవకుండా వేసిన బొమ్మ అనీ, అలా వేయించింది మీరేననీ, నా పేరు పెట్టి నీ పత్రికకే రాస్తానన్నాను. చదవకుండా ఇక గీత కూడా గియ్యనన్నాను. ఇన్నేళ్ళలో ఆయన ముందు గొంతు పెంచడం ఇదే మొదలు. చాలాసేపు అరుచుకున్నాం. చివరికి కొత్త బొమ్మ వెయ్యడానికి పదిరోజులు గడువిచ్చాడు. ఆలోపు కుదరకపోతే పాత అట్టే, నాకు ఉద్యోగమూ ఉండదు.

అప్పటి నుంచి, రచయిత్రిని అడిగి, రోజూ ఆ దుకాణంలో ఓ మూల స్టూలు మీద కూర్చుంటున్నాను. ఆమె తాళాలు విప్పుతుంటుంది, నేను ఆ చేతులు వేస్తుంటాను. ఇప్పటికి ఇరవై ఆరు వేశాను. ఒక్కటీ ఒప్పుకోలేదు. నిన్నటిది చూసి, “ఇది పని చేస్తున్న చెయ్యి కాదు బాబూ, ఫొటో కోసం పెట్టిన చెయ్యి,” అంది. నీకంటే ఘోరంగా ఉంది ఈవిడ! ఒళ్ళు మండి పెన్సిలు విసిరేశాను. ఆమె వంగి తీసి, నా చేతికిచ్చి, ఇంకో తాళం విప్పడం మొదలుపెట్టింది.

ఇంకా నాలుగు రోజులున్నాయి. రేపు దుకాణం తెరిచే వేళకే వెళతాను.

ప్రేమతో,
అన్నయ్య