ఆకాశం ఇంకా పరుచుకుంటోంది

నా తల్లీ దామరిస్,

నా కోసం నీ నోరు నొక్కుకోమని నిన్నెవరడిగారు? సంఘపెద్దలు నన్ను వీధి ప్రసంగం నుంచి తీసేస్తారని భయపడి, కొండ మీద టెలిస్కోపు దగ్గర పని మానేస్తున్నానని రాశావు. రాజీనామా కాగితం ఇవాళ సాయంత్రం ఇస్తానన్నావు. అది చదివాక వాక్యం మీద కూడా నాకు చూపు నిలవలేదు.

పెద్దాయన ఎలెయుతేరియో వాదన నీకు తెలిసిందే. దేవుడు ఏడో రోజున పని ముగించి విశ్రమించాడు గనుక ఆకాశమూ ముగిసిందట. అది ఇంకా పెరుగుతోందని, పైగా వేగం పుంజుకుంటోందని అనడం దేవుణ్ణి అబద్ధికుణ్ణి చేయడమేనట. నువ్వు వంటింట్లో కూర్చుని చెప్పింది నేను మరిచిపోలేదు. పేలిపోయిన దూరపు నక్షత్రాలు ఉండాల్సినదానికన్నా మసకగా ఉన్నాయి, అంటే మనం అనుకున్నదానికన్నా దూరం జరిగాయి. పైకి విసిరిన రాయి నెమ్మదించాలి గానీ ఇది పోనుపోను వేగమెత్తుతోంది, తోసేదేమిటో ఎవరికీ తెలియదు. అది విన్నరోజు నేను మోకాళ్ళ మీద పడ్డాను. ఆకాశాన్ని గుడారంలా పరిచేవాడని యెషయా అన్నాడు గానీ, పరిచి చేతులు కడుక్కున్నాడని అనలేదు.

నిన్న శనివారం. ఎప్పటిలాగే మన వికూన్యా ఊళ్ళో వీధి మూలన కోటూ టై వేసుకుని, గిటార్లవాళ్ళు చుట్టూ నిలబడగా, మూసిన కిటికీలకు ప్రసంగం మొదలుపెట్టాను. తెర వెనక ఒక్కరైనా వింటారన్న నమ్మకమే కదా మన పని. పిస్కో సారా అంగడి ముందు తాగుబోతులు, "ఒరే కనూతో, కాస్త చిన్నగా అరవరా" అని మనవాళ్ళను ఏడిపించే ఆ పేరుతోనే వెక్కిరించారు. నేను సిద్ధం చేసుకున్న వాక్యం పక్కనపెట్టి నీ నక్షత్రాల గురించి చెప్పాను.

ఎలెయుతేరియో నా చెయ్యి పట్టుకున్నాడు. "తమ్ముడూ, విశ్రాంతిలో ఉన్న దేవుణ్ణి నీ కూతురు పరుగులు పెట్టిస్తుందా?"

"అన్నా, ఆదివారం మీ మేకలు పాలివ్వడం మానేశాయా? నా తండ్రి ఇప్పటిదాకా పనిలోనే ఉన్నాడని ప్రభువే అన్నాడు."

గిటార్లవాళ్ళు నవ్వు దాచుకున్నారు. ఆయన మాత్రం నా చేతిలోంచి మైకు లాక్కుని, ఇకపై వీధిలో నా గొంతు వినబడకూడదన్నాడు. అప్పుడు ఎదురింటి కిటికీ తెరుచుకుంది. మనల్ని చూస్తేనే తలుపులు బిగించుకునే ముసలమ్మ ఓర్తెన్సియా తల బయటపెట్టింది.

"ఆయన్ని ఎందుకాపారు? ఆ నక్షత్రాల్ని తోసేదెవరో చెప్పనియ్యండి."

"తెలియదమ్మా. నా కూతురు వెతుకుతోంది" అన్నాను.

సంగతి ఇదీ తల్లీ. నువ్వు కాపాడాలనుకున్నది ఇప్పుడు లేదు. నీ కాగితం కొండ మీది అధికారుల చేతికి చేరకముందే, తెలిసే పోగొట్టుకున్నాను. నా గురించి దిగులుపడకు. ఓర్తెన్సియా తన గుమ్మంలో నిలబడి చెప్పమంది, మైకు లేకపోయినా ఈ గొంతు చాలు. ద్రాక్ష లారీ తోలే నీ మేనమామ చేత ఈ ఉత్తరం పంపుతున్నాను, మధ్యాహ్నానికల్లా అందుతుంది. చదవగానే ఆ రాజీనామా చింపెయ్. కొండ మీదికి బండి నాలుగింటికి. రేపు చూద్దాంలే అనకు, ఈ రాత్రి వెలుగు మళ్ళీ రేపు రాదు. లే, ఇవాళే ఎక్కు.

నీ తండ్రి,
అబ్దియాస్