గోడ అవతలి లెక్కల మాస్టారు

ప్రధానోపాధ్యాయురాలు గారికి,

విద్యాశాఖ ఆఫీసు సూపరింటెండెంటు రాయునది. మీ ప్రభుత్వ బడిలో లెక్కల మాస్టారి పోస్టు రెండేళ్లుగా ఖాళీ. అయినా ఏడో తరగతిలో ముప్పై ఒక్కమందికి ఇరవై ఎనిమిదిమంది లెక్కల్లో పాసయ్యారు. మాస్టార్లున్న బళ్లలో కూడా ఇంతమంది లేరు. వారంలోగా వివరణ పంపవలసింది.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. మిగతా ముగ్గురు ఎందుకు తప్పారో కూడా రాయండి.

*

సూపరింటెండెంటు గారికి నమస్కారాలు.

దాచడానికేం లేదు. మా బడికీ పక్క ప్రైవేటు స్కూలుకీ మధ్య మనిషి పక్కకి తిరిగి నడిచేంత సందు. మా ఏడో తరగతి కిటికీకి ఎదురుగా వాళ్ల ఏడో తరగతి కిటికీ. అక్కడి లెక్కల మాస్టారిది పెద్ద గొంతు. ఒక్క గదిలో అరవైమందిని కుక్కితే చిన్న గొంతుతో పనవదు కదా. ఆయన అక్కడ భిన్నాలు మొదలుపెట్టగానే మావాళ్లు ఇక్కడ పుస్తకాలు తీస్తారు. చెప్పేది ఆయన, బోర్డు మీద రాసేది నేను. నేను సైన్సు మనిషిని, లెక్కలు నాకూ అంతంతమాత్రమే.

ఉన్నమాట చెప్పాలి. చదువులో ఆయన నాకంటే రెండు మెట్లు పైన. జీతం మాత్రం నాదాంట్లో నాలుగో వంతు.

విధేయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క. తప్పిన ముగ్గురూ కిటికీకి దూరంగా కూర్చునేవాళ్లు. ఇప్పుడు దగ్గరికి జరిపాను.

*

ప్రధానోపాధ్యాయురాలు గారికి,

మీ వివరణ అందింది. సదరు మాస్టారిని మీ బడిలో వేసినట్టు మా దగ్గర ఉత్తర్వు లేదు. ఆయన ఏ తేదీన చేరారు, హాజరు పట్టీలో సంతకం ఎందుకు లేదు, మీ జీతంలోంచి నాలుగో వంతు ఆయనకి ఎవరి అనుమతితో ఇస్తున్నారు, వెంటనే తెలపండి.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. మిగిలిన ముప్పాతిక మీరే తీసుకుంటున్నారా?

*

సూపరింటెండెంటు గారికి నమస్కారాలు.

అయ్యా, నేను ఆయనకి పైసా ఇవ్వడం లేదు. వాళ్ల స్కూలు ఇచ్చేదే అంత అని నా ఉద్దేశం. ఆయన మా గడప కూడా తొక్కలేదు. గొంతు ఒక్కటే వస్తుంది. గొంతు చేత సంతకం ఎలా పెట్టించను?

విధేయురాలు,
ప్రధానోపాధ్యాయురాలు

తా.క. మొన్న ఆయనకి నాలుగు రోజులు జ్వరం. అక్కడ జీతం కోశారు, ఇక్కడ పాఠం ఆగింది.

*

ప్రధానోపాధ్యాయురాలు గారికి,

గొంతయినా సేవ సేవే. బయటివారి సేవ వాడుకోవాలంటే వారి యాజమాన్యం నుంచి అభ్యంతరం లేదన్న కాగితం ఉండాలి. మీకు శ్రమ లేకుండా ఆ స్కూలు యజమానికి మేమే రాశాం.

ఇట్లు,
సూపరింటెండెంటు

తా.క. కిటికీ కొలతలు పంపండి. ఫైల్లో ఉండాలి.

*

సూపరింటెండెంటు గారికి,

కిటికీ కొలతలు అడిగారు. ఇప్పుడక్కడ కిటికీ లేదు.

మీ కాగితం అందిన మర్నాడే యజమాని మాస్టారిని పిలిచి, ‘ఫీజు కట్టనివాళ్లకి కూడా చెబుతున్నావట, కాస్త మెల్లగా చెప్పు’ అన్నాడట. ‘మెల్లగా చెబితే ఫీజు కట్టినవాళ్లకీ వినబడదండీ’ అన్నాడట ఈయన. ఆ మాటకే ఉద్యోగం పోయింది. సాయంత్రానికి వాళ్ల వైపు కిటికీకి ఇటుకలు పేర్చేశారు.

వెళ్లేముందు మొదటిసారి మా గేటు దగ్గరికి వచ్చాడు. సన్నగా, నీరసంగా ఉన్నాడు. అంత గొంతు ఎక్కడ పెట్టుకున్నాడో తెలియలేదు.

‘మేడమ్, మీ పిల్లలు శాతాలు సగంలో ఉన్నారు. ఈ కాగితాల్లో మిగతాది రాశాను’ అన్నాడు.

‘మావాళ్లు వింటున్నారని మీకు తెలుసా?’ అన్నాను.

‘జవాబు అడిగితే సందు అవతలి నుంచి కూడా చెప్పేవాళ్లు. వాళ్లే ముందు చెప్పేవాళ్లు’ అన్నాడు.

ఇప్పుడు బట్టల కొట్లో గుడ్డ కొలుస్తున్నాడు. బడిలో కంటే అక్కడే నాలుగు రాళ్లు ఎక్కువట. నేను నెలనెలా తీసుకునే జీతం ఈసారి చేతిలో బరువుగా అనిపించింది.

ప్రధానోపాధ్యాయురాలు

తా.క. ఈసారి లెక్కల్లో ఎక్కువమంది పాసవరని ముందే చెబుతున్నాను. వివరణ అడగవద్దు.

*

మేడమ్ గారికి నమస్కారాలు.

ఇది ఆఫీసు కాగితం కాదు, గమనించగలరు. ఇంట్లో కూర్చుని రాస్తున్నాను.

మా చిన్నమ్మాయి చదివేది ఆ ప్రైవేటు స్కూల్లోనే, ఏడో తరగతి. సగం జీతం ఫీజుకే పోతుంది. విద్యాశాఖలో ఇరవై ఆరేళ్లు పనిచేసి పిల్లని ప్రైవేటులో వేశానని మీరు నవ్వుకోవచ్చు. నాకూ మొహం చెల్లడం లేదు.

మొన్న దానికి సైన్సులో నాలుగు మార్కులొచ్చాయి. పోయినసారి నలభై ఆరు. ‘ఏమైందే?’ అంటే, ‘కిటికీ మూసేశారుగా నాన్నా’ అంది. కిటికీలోంచి వెళ్లింది లెక్కలు కదా, నీ సైన్సుకి దానితో పనేమిటని గద్దించాను. లెక్కలొక్కటే కాదట. వాళ్ల సైన్సు టీచర్లు ఈ ఏడాది ముగ్గురు మారారట. వేరే ప్రైవేటు స్కూలు రెండొందలు ఎక్కువిస్తే వెళ్లిపోతారట. అందుకని ఇది కిటికీ పక్క ఆఖరి బెంచీ కోసం రోజూ పోట్లాడి, మీరు బెలూన్లు ఊది ఊపిరితిత్తులు చూపించిన పాఠం కిటికీలోంచి చూసి నేర్చుకుందట. ఆ గదిలో సగంమంది అంతేనట.

బట్టల కొట్టుకి వెళ్లాను. మాస్టారితో తాత్కాలిక పోస్టుకి దరఖాస్తు పెట్టించి, ఫైలు నేనే పట్టుకుని ఒక్కరోజులో నాలుగు టేబుళ్లు తిరిగాను. నా సర్వీసులో ఇది మొదటిసారి. సోమవారం మీ బడిలో చేరతాడు. జీతం మీదాంట్లో మూడో వంతు. అంతకుమించి నా చేతిలో లేదు.

అదే రోజు మా అమ్మాయిని కూడా తీసుకొస్తున్నాను. ఒక్క సీటు ఉంచగలరు.

మీ విద్యార్థిని తండ్రి

తా.క. పాప టై కట్టుకునే వస్తానంటోంది, వద్దంటే ఏడ్చింది. నిబంధనలన్నీ తిరగేశాను. టై గురించి ఏమీ లేదు.