తొంభై మీద అక్క పాట

సిరిసిల్ల,
జనవరి 28

తమ్ముడు రాజమౌళికి,

అక్క చంద్రవ్వ దీవెనలు. నేను చెప్తుంటే మనుమరాలు రాస్తున్నది. చెప్పింది చెప్పినట్టే రాయమన్న. ఫోన్ చేస్తే ఏం ఫాయిదా? ముప్పై ఏండ్ల మగ్గాల మోతకు నా మాట నీకు ఇనవడదు, నీ మాట నాకు ఇనవడదు. ఇద్దరం "ఆఁ? ఆఁ?" అనుకుంట కూసుంటం. గందుకే ఈ ఉత్తరం భివండి బస్సు డ్రైవర్ చేతికిస్తున్న.

నీ బిడ్డ శ్రద్ధ పెండ్లి ఫిబ్రవరి 25 అంటివి. మన ఇంటి ఆడపిల్ల మేనత్త పాట లేకుండ ఎన్నడన్న అత్తగారింటికి పోయిందా? కానీ ఇప్పుడు రెండు చరణాలకే నాకు దమ్మొస్తున్నది. అందుకని మనుమరాలు నా ముంగట కూసుండి పద్నాలుగు పాటలు ఒక చిన్న డబ్బీలకు ఎక్కించింది. అగ్గిపెట్టె అంత ఉన్నది. ఉత్తరంతోని పంపుతున్న. శ్రద్ధను తోలుకపోయే కారుల ఆ డబ్బీ పాడాలె. పాడిందని నువ్వు రాస్తేనే నేను బస్సెక్కుత. లేకుంటే రాను.

నీ అక్క,
చంద్రవ్వ

తా.క.: పదకొండో పాట అయినంక నీతోని ఒక మాట చెప్పిన. గది నువ్వొక్కనివే వినాలె. నీ పెండ్లాం ఎల్లమ్మకు గూడ వినిపియ్యకు.


కామత్‌ఘర్, భివండి,
ఫిబ్రవరి 2

అక్కకు నమస్కారం.

డబ్బీ చేరింది. నా కారులో ఉన్న స్టీరియో కంపెనీ నుంచి కారుతోపాటే వచ్చినది. దానికి రేడియో ఉంది, సీడీ పెట్టే సందు ఉంది. డబ్బీ వైరు గుచ్చడానికి మాత్రం రంధ్రం లేదు. ముందు భాగమంతా విప్పితే గాని కాదని మెకానిక్ అన్నాడు. వద్దన్నాను.

సిగరెట్ లైటర్ రంధ్రంలో గుచ్చే చిన్న పరికరం ఒకటి తెచ్చాను. డబ్బీ వైరు దానికి పెడితే అది రేడియో స్టేషన్‌లాగా పాటను గాలిలోకి వదులుతుంది. కారు రేడియో ఆ పాటను పట్టుకోవాలి. దానితో వచ్చిన కాగితం ఇంగ్లీషులోనూ చైనా భాషలోనూ ఉంది. బొమ్మలు చూసి పని చేశాను.

పరికరం మీద ఒక అంకె పెట్టాలి, రేడియో మీద ఒక అంకె పెట్టాలి. పక్కపక్క మగ్గాలు రెండూ ఒకే దెబ్బ మీద నడిస్తే షెడ్డు గోడ పగులుతుంది. అందుకని ఒకదాన్ని కొంచెం వెనక్కి జరిపి పెడతాం. ముప్పై ఏళ్ళుగా నేను మగ్గాలు సరిచేసేది అలాగే. ఇక్కడ కూడా రెండూ కొట్టుకోకుండా పరికరానికి తొంభై, రేడియోకు తొంభై ఎనిమిది పెట్టాను. గంటసేపు కూర్చున్నాను. హిందీ ప్రకటనలు వచ్చాయి. నువ్వు రాలేదు.

రేపు మళ్ళీ చూస్తాను.

ఇట్లు,
తమ్ముడు రాజమౌళి

తా.క.: నేను కారు నిలిపే గోడకు అవతలి పక్కన సుశీలాబాయి చాయ్ దుకాణం ఉంది. ఆమె రేడియోలో కొత్తగా ఒక తెలుగు స్టేషన్ వస్తోందట. ఎవరో ఆడమనిషి పాడుతుందట. నేను కారు పని ముగించి వెళ్ళేసరికి ఆ కార్యక్రమం కూడా ముగిసిపోతోంది. గొంతు అచ్చం నీ గొంతులాగే ఉందని ఎల్లమ్మ అంది. చాయ్ చల్లారిపోయినా జనం కదలడం లేదంటే నీకంటే బాగా పాడే మనిషే అయి ఉంటుందని నేను చెప్పాను.


సిరిసిల్ల,
ఫిబ్రవరి 6

తమ్మునికి,

నీ ఉత్తరం రెండుసార్లు చదివించుకున్న. తా.క. మాత్రం నాలుగుసార్లు.

నాకంటె బాగ పాడుతదా? నువ్వు ఇన్నవా? ఇనలే. ఇనకుండనే చెప్తివి. నీ పెండ్లిల గొంతు పోయేదాక పాడింది ఎవలు? నీ బిడ్డ తొట్టెలల పాడింది ఎవలు? ఆ రేడియోదా? గట్లనే కానీ. పెండ్లికి ఆమెనే పిలుచుకో. మేనత్త చీర గూడ ఆమెకే పెట్టు.

నాకు ఒక అనుమానం ఉన్నది, చెప్తున్న. డబ్బీ మంచిగనే ఉన్నది. ఈడ బరాబర్ పాడింది. నా ముసలి పాటలు పెండ్లికారుల వద్దని ఎల్లమ్మ అన్నట్టున్నది. ఆమెకు చెప్పరాక నువ్వు రంధ్రం లేదు, కాగితం చైనాది అంటున్నవ్. పదిహేను తారీఖు దాక చూస్త. పలికిందని ఉత్తరం రాలేదనుకో, నా టికెట్ వాపస్.

చంద్రవ్వ

తా.క.: ఆ రేడియోది ఏ పాటలు పాడుతదో అడిగి రాయి. నాకేం అవసరం లేదు. ఊకెనే అడుగుతున్న.


కామత్‌ఘర్,
ఫిబ్రవరి 11

అక్కకు నమస్కారం.

ఎల్లమ్మ ఏమీ అనలేదు. నీ ఉత్తరం చదివి వినిపించాను. అప్పుడు చాలా అంది. ఆ మాటలు ఇక్కడ రాయడం లేదు.

వారం రోజులుగా రోజూ కారులో కూర్చుంటున్నాను. పరికరం మార్చాను, వైరు మార్చాను. అంకెలు మరీ దగ్గరగా ఉన్నాయేమోనని రేడియోను నూట నాలుగుకు జరిపాను. ఇంత దూరం పెట్టాక కొట్టుకునే ప్రసక్తే లేదు. అయినా పలకలేదు. కాని నేను వదలను. ఇంతవరకు నా చేతిలో పడి నడవని మగ్గం లేదు.

ఆ రేడియో ఆమె అన్నీ పెళ్ళి పాటలే పాడుతుందట. సుశీలాబాయికి తెలుగు ఒక్క ముక్క రాదు. అయినా ఏడో పాటకు కళ్ళు తుడుచుకుంటుందట. వేరే స్టేషన్ పెట్టబోతే మన మగ్గాలవాళ్ళు చెయ్యి పట్టుకుని ఆపారట.

ఇట్లు,
రాజమౌళి

తా.క.: ఒక విషయం అర్థం కావడం లేదు. రెండు రోజులుగా చాయ్ దుకాణంలో నన్ను చూడగానే అందరూ నవ్వు ఆపుకుంటున్నారు. పక్క షెడ్డులో పనిచేసే మల్లేశం నిన్న, "ఏంది కాకా, బస్సు నిచ్చెన పట్టుకొని వేములవాడ దాక పోయినవట? నిజమేనా?" అని అడిగాడు. ఆ సంగతి ఈ ఊళ్ళో ఎవరికీ తెలియదు. నీకు, నాకు తప్ప అది గుర్తున్నవాళ్ళు లోకంలో ఎవరూ మిగల్లేదు. నువ్వు ఎవరికైనా చెప్పావా?


సిరిసిల్ల,
ఫిబ్రవరి 14

రాజమౌళికి,

తమ్ముడు అని రాయబుద్ధి అయితలేదు.

నిచ్చెన మాట నేను చెప్పింది ఒక్క డబ్బీకే. పదకొండో పాట అయినంక. మల్లేశానికి తెలిసిందంటే డబ్బీ పలికింది! పలికినంక నువ్వొక్కనివే ఇనమంటే చాయ్ దుకాణం మొత్తానికి ఇనిపించినవ్. నాకేమో రంధ్రం లేదని రాస్తివి. అరవై ఏండ్లు ఉన్న మనిషివి, అక్కకు అబద్ధం చెప్తవా?

నేను రాను. శ్రద్ధకు నా దీవెనలు చెప్పు.

చంద్రవ్వ

తా.క.: టికెట్ వాపస్ చెయ్యమని అల్లునికి చెప్పిన. చేసిండో లేదో నేను అడుగలే.


కామత్‌ఘర్,
ఫిబ్రవరి 17

అక్కకు నమస్కారం.

నీ ఉత్తరం చదివి మల్లేశాన్ని చాయ్ దుకాణంలో కూర్చోమన్నాను. నేను కారులో కూర్చుని డబ్బీ నడిపించాను. నా స్టీరియోలో మళ్ళీ ప్రకటనలే. మల్లేశం మాత్రం గోడ చుట్టూ పరుగెత్తుకొచ్చి, "కాకా, రేడియో అవ్వ మొదలుపెట్టింది, జల్ది రా!" అన్నాడు. డబ్బీ ఆపాను. అవతల పాట ఆగింది. మళ్ళీ నడిపాను. అవతల అందరూ ఈలలు వేశారు.

సుశీలాబాయి రేడియో ముల్లు తొంభై మీద ఉంది.

రెండింటికీ ఒకే అంకె ఉండాలట. మగ్గాలకు చేయకూడనిదే వీటికి చేయాలి. కారు రేడియోను కూడా తొంభైకి తెచ్చాను. నువ్వు వచ్చావు. నా పక్క సీట్లో కూర్చుని పాడినట్టే ఉంది. పద్నాలుగు పాటలూ విన్నాను. పదకొండో పాట తర్వాతి మాట మూడుసార్లు విన్నాను. దాని గురించి ఇంకేమీ రాయను.

తప్పు నాది. నీకంటే బాగా పాడే మనిషి నువ్వే. కారులో నీ పాట పలికింది. బస్సెక్కు.

నీ తమ్ముడు,
రాజమౌళి

తా.క.: రేడియో అవ్వ పెళ్ళికి వస్తుందా అని గల్లీ అంతా అడుగుతోంది. ఏం చెప్పమంటావు?


సిరిసిల్ల,
ఫిబ్రవరి 19

వస్తున్న. అల్లుడు టికెట్ వాపస్ చెయ్యనే లేదు. ఎల్లమ్మకు చెప్పు, నేను అన్నవి అన్నీ మనుమరాలు తప్పు రాసింది.

చంద్రవ్వ

తా.క.: తప్పు రాయలేదు. మనుమరాలు.


కామత్‌ఘర్,
మార్చి 3

అక్కకు నమస్కారం.

క్షేమంగా చేరావని బస్సు డ్రైవర్ చెప్పాడు. పెళ్ళినాడు నువ్వు ముందు కారులో శ్రద్ధ పక్కన కూర్చున్నావు కాబట్టి వెనక ఏం జరిగిందో నీకు తెలియదు. అది చెప్పడానికే ఈ ఉత్తరం.

కారు కదలగానే నువ్వు కారు నడుపుతున్న మల్లేశంతో, "ఆ డబ్బీ గొంతు తగ్గియ్యి, నేనే పాడుత," అన్నావట. శ్రద్ధ చెప్పింది. నేను పదిహేను రోజులు తిప్పలు పడి పలికించిన స్టీరియో నోరు ఒక్క మాటతో మూయించావు. దమ్ము రాకుండా శాంతినగర్‌లో శ్రద్ధ అత్తగారింటి దాకా పాడావట. సంతోషం. కాని మల్లేశం తగ్గించింది స్టీరియో ఒక్కటే. లైటర్ రంధ్రంలోని పరికరం తన పని తాను చేస్తూనే ఉంది.

వెనక పద్నాలుగు షేర్ ఆటోలు బయలుదేరాయి. అన్ని రేడియోలూ తొంభై మీదే. పరికరం పాట ఎక్కువ దూరం పోదు. వెనకబడిన ఆటోలో గరగర తప్ప ఏమీ రాదు. అందుకని నీ పాట అందుకోవడానికి డ్రైవర్లు ఒకరినొకరు తోసుకుంటూ నీ కారును అంటుకుని నడిపారు. సుశీలాబాయి దుకాణం మూసి మూడో ఆటోలో ఎక్కింది. "అరే, పుఢే ఘే రే! ఆజీచం గాణం చాల్‌లంయ్!" అని, ముందుకు పోనివ్వమని, అవ్వ పాట నడుస్తోందని మరాఠీలో అరుస్తూ డ్రైవర్ వీపు మీద చరుస్తూనే ఉంది. షెడ్లలోంచి మన వాళ్ళు మగ్గాలు ఆపి బయటికి వచ్చారు. కామత్‌ఘర్ గల్లీలో పగటిపూట అంత నిశ్శబ్దం నేను ఎన్నడూ వినలేదు. నీ పాట ఒక్కటే వినిపించింది. నాకు కూడా వినిపించింది.

శాంతినగర్ మలుపు దగ్గర పదకొండో పాట అయిపోయింది. ఆ తర్వాత అన్ని ఆటోల్లోంచి నీ మాట వచ్చింది.

"చిన్నా, నా అప్పగింతల నాడు బస్సు వెనక నిచ్చెన పట్టుకొని వేములవాడ దాక వస్తివి. దిగుమని అందరి ముంగట తిట్టిన. అది తిట్టుడు కాదురా. నువ్వు ఏడిస్తే నేను గూడ బస్సు దిగుతనని భయం. ఇయ్యాల శ్రద్ధ పోతుంటె నిన్ను ఎవ్వలు తిట్టరు. ఎంత దూరం పోవాల్నో పో."

ఎవరూ నవ్వలేదు.

నీ తమ్ముడు,
రాజమౌళి

తా.క.: నేను ఏ ఆటోలో కూర్చున్నానని ఎల్లమ్మను అడిగావట. కూర్చోలేదు. మొదటి ఆటో వెనక కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. శాంతినగర్ దాకా దిగలేదు.