వినపడని చోట

కూకట్‌పల్లి,
మార్చి, 1999.

అమ్మకు వందనాలు.

దేవుడి దయవల్ల నేను బాగానే ఉన్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందని రాశావు, సంతోషం. కానీ పెళ్లి సంగతికి నేను జవాబు రాయకపోతే, దాన్ని ‘సరే’ అని ఎట్లా చదువుకున్నారు? "సిగ్గుతో రాయలేదులే" అని నాన్న పాస్టర్ గారికి చెప్పి, ఈస్టర్ తర్వాత ప్రధానం పెట్టించాడట. నాకు సిగ్గెక్కువని మన ఇంట్లో ఎవరన్నారమ్మా?

నువ్వడిగినవి చెబుతాను. హాస్టల్ తిండి పర్వాలేదు, పప్పులో నీళ్లే ఎక్కువ. మాదాపూర్‌కు బస్సు దొరుకుతుంది, సీటు దొరకదు. పనంటావా, అమెరికా డాక్టర్లు రోగుల గురించి రికార్డు చేసి పంపిన మాటలు విని టైపు చేయడం. బయట కొత్త బిల్డింగుల కోసం బండలు పేలుస్తుంటారు. ఆ మోతలో డాక్టర్ గొంతు మునిగిపోతుంది.

మాకు నేర్పే సెలీనా మేడం ఒకప్పుడు నర్సు. వినపడని చోట ఖాళీ వదలాలని మొదటిరోజే చెప్పింది. పక్కనమ్మాయికి అర్థం కాకపోతే నేనే విడమరిచి చెప్పాను. అయినా మందు మోతాదు వినపడకపోతే నా వేళ్లు ఆగవు. ఇంతే ఉంటుందిలే అని ఏదో ఒక అంకె కొట్టేస్తాయి.

"మళ్ల నింపినవా?" అంది మేడం నిన్న.

"అలవాటు మేడం. మా అమ్మ టీచరు. తెలవకున్నా ఏదో ఒకటి రాసి రమ్మనేది."

"మీ అమ్మ మార్కులేస్తది తల్లీ. ఈడ ఆ మందు ఎవరో మింగుతరు."

అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

నీకు రాయనిది ఒకటుంది. పోయిన ఆదివారం మీరు చూసిన నతానియేల్ హాస్టల్‌కు వచ్చాడు. మంచివాడే. గేటు దగ్గరే నిలబడి, "మీకు ఇష్టమేనా అండి? కాకపోతే ఇప్పుడే చెప్పండి" అన్నాడు. నాకు తెలియదు. ఆ మాటే అనాల్సింది. కానీ "పెద్దవాళ్ల ఇష్టమే నా ఇష్టం" అని నోరు దానంతటదే అనేసింది. తిరిగి వెళ్తూ, ఎక్కిన బస్సు మలుపు తిరిగేదాకా అతను చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. అప్పటినుంచి నాకు కూర్చుంటే నిలబడాలనిపిస్తోంది, నిలబడితే నడవాలనిపిస్తోంది.

ఈరోజు ఎస్టీడీ బూత్ నుంచి ఫోన్ చేశాను.

"నతానియేల్ గారూ, మొన్న చెప్పింది నా మాట కాదు. నాకింకా తెలియదు."

అతను ఒక్కటే అడిగాడు.

"ఎప్పటికి తెలుస్తుందండి?"

‘త్వరలోనే’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

"అదీ తెలియదు."

పాస్టర్ గారికి నాన్ననే చెప్పమను. ఈస్టర్‌కు ఇంటికి వస్తాను. ప్రధానం జరగదు.

ఇట్లు,
నీ పెద్దకూతురు
గ్రేస్