గోడ దాటిన దొండతీగ

ఆగస్టు, ఆదివారం రాత్రి

నిద్ర రావడం లేదు. అమ్మ పోయాక నకరికల్లు ఇంటి నుంచి నేను తెచ్చుకున్నది ఒక్క దొండతీగ ముక్కే. అమ్మ పోసినట్టే రోజూ దానికి బియ్యం కడిగిన నీళ్లు పోశాను. ముసురు పట్టినా మానలేదు. మొదలు కుళ్లిపోయి, ఇవాళ్టికి పందిరంతా ఎండిపోయింది.

నెల కిందట ఇదే తీగ గోడ దాటితే పక్కింటి రమణమ్మ పిన్ని కాయలు కోసుకుంది. మా కాయలెందుకు కోశావని అడిగితే, "గోడ దాటొచ్చింది ఇంకా నీదేందే?" అంది. అప్పటి నుంచి మా మధ్య మాటల్లేవు.

సాయంత్రం గోడ మీదుగా తొంగి చూశాను. అటు వాలిన కొస ఆమె పెరట్లో నేలకు తగిలి వేళ్లూనింది. చిన్న గంటల్లా తెల్లపూలు కూడా పూసింది. పిన్ని దాని పక్కన పుల్లలు పాతుతోంది. తలెత్తకుండానే, "ఏమే, ముక్క కావాలా?" అంది.

"ఏం అక్కర్లేదు," అన్నాను.

ఆ మాట నోట్లోంచి ఎలా వచ్చిందో... అమ్మ తీగ ఇప్పుడు బతికున్నది ఆ పెరట్లోనే. రేపు నా అంతట నేను అడగలేను. పిన్ని మళ్లీ అడుగుతుందా?