గార్డెన్ సిటీలో మీ ఇల్లు

ఏమండీ,

మీరు పోయి రేపటికి ఏడాది. ఇవాళ మీ ఇంటి కబురొకటి తెలిసింది. సిడ్నీలో మనింటిది కాదు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇంగ్లండులో తోటల మధ్య కట్టిన ఒక గార్డెన్ సిటీ కోసం మీరు ప్లాన్లు గీసిన ఇళ్లలో ఒకదానిది.

అమ్మాయి ఆఫీసులో వైటుకే పనికి, అదే రెండువేల సంవత్సరం వస్తే కంప్యూటర్లలో తేదీలు తప్పకుండా సరిచేసే పనికి, డేవిడ్ అని ఒకాయన లండన్ నుంచి వచ్చాడు. అమ్మాయి భోజనానికి పిలిచింది. అతను గోడ మీద మీ డ్రాయింగు చూసి తినడం ఆపేశాడు.

"ఆంటీ, ఇది మా వీధి! మా అమ్మ ఇంకా అక్కడే ఉంటుంది."

ఇళ్లెలా ఉన్నాయని అడగడానికి భయమేసింది. అగ్గిపెట్టెల్లా ఉన్నాయని అప్పట్లో పేపర్లో రాస్తే మీరు చాలా రోజులు సరిగ్గా అన్నం తినలేదు.

డేవిడ్ మన ఫోన్లోంచే వాళ్లమ్మకి చేసి నా చేతికిచ్చాడు. అక్కడ పొద్దున్న. ఆవిడ వంటింటి కిటికీ దగ్గర కూర్చుని ఉందట. అందులోంచి పిల్లలాడుకునే పచ్చిక కనబడాలని పట్టుబట్టింది మీరే.

"వానొస్తే పైకప్పు కారుతుందని మీ ఆయనకి చెప్పండి," అంది. "మా అబ్బాయి ఎంత రమ్మన్నా ఈ కిటికీ వదిలి వెళ్లనని కూడా చెప్పండి."

మీరు లేరని ఆవిడకి చెప్పలేదు. అలాగే చెప్తానన్నాను.

మీ
రాజ్యం